పొలములో పాఠము: ఫాబ్రే పంతులు జీవితము

ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున ప్రోవాన్సు అను సీమ కలదు. అచటి వేసవి యెండ మన రాయలసీమ యెండను జ్ఞప్తికి తెచ్చును. నేల చాలచోట్ల గులకరాళ్లతో నిండియుండును. దున్నని బీళ్లలో సువాసన గల చిన్న పొదలు తప్ప వేరొకటి పెరుగదు. అట్టి బీళ్లలోనికి ఒక బడిపంతులు తన శిష్యులను వెంటబెట్టుకొని పోయి, పురుగుల బ్రదుకును కన్నులార చూచి, చూచినదానిని చూచినట్లు వ్రాసి, లోకమునకు క్రొత్త విద్య నొకదానిని ప్రసాదించెను. ఆయన పేరు జీన్ హెన్రీ ఫాబ్రే. పంతులు పని ఆయనకు చాలీచాలని కూడు పెట్టినది. అదే పని ఒకనాడు ఆయనను భార్యాబిడ్డలతో వీథిలో నిలువబెట్టినది.

ఫాబ్రే 1823వ సంవత్సరము డిసెంబరు నెలలో సెయింట్ లియాన్స్ అను కొండపల్లెలో జన్మించెను. తల్లిదండ్రులు నిరుపేదలు. ఇంట మరియొక బిడ్డ పుట్టగా, పెద్దవాడు పోషణకు బరువగునని వానిని మాలవాల్ అను చోటగల తాతగారింటికి పంపిరి. తాత సేద్యగాడు, ఆవులు, గొఱ్ఱెలు తప్ప మరియొక లోక మెరుగడు, పుస్తకము విప్పి చూచినవాడు కాడు. నాయనమ్మ చలికాలపు రాత్రులయందు నెగడి ప్రక్కన కూర్చుండి రాట్నము త్రిప్పుచు కథలు చెప్పుచుండెడిది.

ఆ యింట ఐదారేండ్ల ఆ బాలునకు ఒకనాడు ఒక సందేహము కలిగెను. ఎదుట ప్రకాశించుచున్న సూర్యుని తాను చూచుచున్నది నోటితోనా, కన్నులతోనా? విని నవ్వవలసిన సంగతియే. కాని వాడు ఎవరి నడుగలేదు. కన్నులు మూసి నోరు తెరచెను, సూర్యుడు మాయమయ్యెను. నోరు మూసి కన్నులు తెరచెను. సూర్యుడు మరల కనబడెను. రెండవమారు, మూడవమారు చేసి చూచినను ఫలిత మదియే. కన్నులతోనే చూచుచున్నానని నిశ్చయించుకొని, రాత్రి భోజనమువేళ ఆ వార్త ఇంటివారికి చెప్పెను. అందరును ఫక్కున నవ్విరి. నాయనమ్మ మాత్రము వానిని చూచి మందహాసము చేసెను. మరియొకప్పుడు చీకటి పడినవేళ పొదలోనుండి గజ్జె మ్రోగినట్లు సన్నని ధ్వని వినబడెను. వాడు కాచి కాచి, ఒక రాత్రి కాక మరియొక రాత్రి, తుదకు గుప్పిట పట్టి చూడగా అది పిట్ట కాదు, మిడత. మిడతకు కూడ పాట కలదని వాడు ఎవరును చెప్పకయే తెలిసికొనెను. తరువాతి ఎనుబదియేండ్ల జీవితమంతయు ఆ రెండు పరీక్షల విస్తరణమే యని చెప్పినను తప్పు లేదు.

ఏడవయేట వానిని స్వగ్రామమునకు మరలించి బడిలో వేసిరి. ఆ బడి యొక్కటే గది. అదియే పంతులుగారి వంటిల్లు, అదియే పడకటిల్లు. తలుపు తెరచినచో కోళ్లును పందిపిల్లలును నిరాటంకముగ లోనికి వచ్చుచుండెడివి. పంతులుగారు ఊరికి మంగలి, గుడి గంట మ్రోగించువాడు, పరదేశమున నుండు దొర యొక్క తోటకును పొలమునకును కావలివాడు. ఇన్ని పనుల నడుమ తీరిక చిక్కినపుడు చదువు చెప్పుచుండెను. కొడుకునకు అక్షరములు పట్టువడకపోగా తండ్రి పట్టణమునుండి కొలది డబ్బులకు ఒక బొమ్మల కాగితము కొని తెచ్చెను. అక్షరమునకొక జంతువు. గాడిదను, ఎద్దును చూచి బాలుడు కొలది దినములలోనే చదువరియయ్యెను. దొరగారి తోటలోని కంచెమొక్కలను నత్తలు తినుచుండగా, వానిని ఏరి చంపుటకు పంతులుగారు బడిపిల్లలను పంపుచుండిరి. ఫాబ్రే ఏరునుగాని చంపుటకు చేతులాడక జేబులలో నింపుకొనుచుండెను. వాని రంగులు, వాని గీతలు అంత బాగుండెడివి. ప్రకృతిపాఠము చెప్పుట ఆ పంతులుగారి ఉద్దేశము కాదు. అయినను ఆ తోటలోనే పాఠము జరిగినది.

తరువాత కుటుంబము రోడెజ్ పట్టణమునకు తరలెను. తండ్రి కాఫీకొట్టు పెట్టి నష్టపడెను; మరియొక ఊర పెట్టి అచటను నష్టపడెను. చదువు నిలిచిపోయెను. బాలుడు బోకేరు సంతలో నిమ్మకాయలమ్మెను; రైలుబాట వేయు కూలీలలో చేరి మట్టి మోసెను. అట్టి దినములలో చేతనున్న చివరి డబ్బులతో భోజనమునకు బదులు, నీమ్ పట్టణమున రొట్టెలు కాల్చి జీవించుచు కవిత్వము చెప్పిన రెబూల్ అను కవి పుస్తకమొకటి కొని, ఆ పూటకు ద్రాక్షపండ్లతో కడుపు నింపుకొనెను. అనంతరము అవిన్యోన్ నగరమందలి ఉపాధ్యాయ శిక్షణాలయము వారి పోటీపరీక్షలో మొదటివాడుగ నెగ్గి విద్యార్థి వేతనము సంపాదించెను. అందుచేత కూడును చదువును ఒకేమారు లభించెను.

1842లో కార్పాన్‌ట్రా పట్టణపు పాఠశాలలో ప్రాథమిక తరగతి ఉపాధ్యాయుడుగ ప్రవేశించునాటికి ఆయనకు 19 ఏండ్లు నిండలేదు. జీతము సంవత్సరమునకు 700 ఫ్రాంకులు. తరగతి గది ఎత్తైన గోడల నడుమ తేమతో నిండిన నేలమాళిగవలె నుండెను. పిల్లలు ఏబదిమంది వరకు. పెద్ద తరగతిలో కొందరు ఇంచుమించు పంతులుగారి యీడువారే. వారిలో పెక్కురు సేద్యగాండ్ర బిడ్డలు, చదువు ముగించి పొలమునకో అంగడికో పోవలసినవారు. వారికి పనికివచ్చు విద్య యేదియని ఆలోచించి ఫాబ్రే భూమికొలత నేర్పదలచెను. భూమికొలత నల్లబల్లమీద నేర్పునది కాదు గదా! మే నెల వచ్చినంతనే వారమునకొక దినము తరగతి గదిని విడిచి, గుంజలు, గొలుసు, గురుతుకఱ్ఱలు పిల్లల భుజములకెత్తి, ఊరివెలుపలి బీటికి పోవుట ఆరంభమయ్యెను. పిల్లలకది పండుగ. గుంజ మోయు భాగ్యము తమకే కావలెనని వారు పోటీ పడుచుండిరి. ఆ పరికరములను మోసికొని ఊరి నడిబజారున నడచునపుడు వారి ముఖములలో గర్వము తొణికిసలాడుచుండెను.

బీటిలో పని మొదలిడిన కొలదిసేపటికి ఫాబ్రేకు ఒక వింత కనబడెను. దూరమున గుంజ పాతుటకు పంపిన బాలుడు దారిలో పలుమారు ఆగుచున్నాడు, వంగుచున్నాడు, దేనినో వెదకుచున్నాడు, లేచి మరల వంగుచున్నాడు. గొలుసు పట్టినవాడు నేలనుండి గురుతుకఱ్ఱకు మారుగా గులకరాతిని ఎత్తుచున్నాడు. వేరొకడు కోణము కొలువుమన్న మాట వినక చేతిలోని మట్టిబెడ్డను పగులగొట్టుచున్నాడు. తక్కినవారందరు నోట గడ్డిపరక పెట్టుకొని పీల్చుచున్నారు. క్షేత్రగణితము పూర్తిగ నిలిచిపోయినది. మరియొక పంతులైనచో బెత్తము వెదకియుండును. ఫాబ్రే దగ్గరకు పోయి సంగతేమని అడిగెను.

సంగతి యేమన, ఆ బీటి రాళ్లమీద నల్లని పెద్ద తేనెటీగ యొకటి మట్టితో గూడు కట్టును. గూటిలో తేనె యుండును. పిల్లలు ఆ గూటిని విప్పి గడ్డిపరకతో తేనె పీల్చుచుండిరి. ఈ విద్య వారికి తరతరములుగ తెలియును, పంతులుగారికి తెలియదు. ఆయనయు ఒక పరక పుచ్చుకొని రుచిచూచెను. కొంచెము ఘాటైనను తేనె బాగున్నదనిపించెను. నాటినుండి కొలతయు సాగెను, గూళ్ల వేటయు సాగెను. ఇదియో అదియో యని ఆయన పిల్లలను నిర్బంధింపలేదు. పొలము వైశాల్యము కట్టుట వారు నేర్చిరి. తేనెటీగ బ్రదుకు ఆయన నేర్చెను.

ఆ యీగ దేహము నల్లని మఖమలువలె, రెక్కలు ముదురు ఊదారంగుతో నుండును. అది తుట్టెపెట్టి గుంపుగ బ్రదుకునది కాదు. ఒంటరి ఆడయీగ గట్టినేలను గీకి, మన్నును తన లాలాజలముతో తడిపి, చిన్న చిన్న ఇసుకరాళ్లను చేర్చి అడుసు చేయును. మేస్త్రీ తాపీతో చేసినట్లు ఆ యడుసుతో రాతిపై వేలితొడుగు వంటి అర కట్టును. దానిని పుప్పొడి కలిసిన తేనెముద్దతో సగమునకు పైగ నింపి, ఒక్క గ్రుడ్డు పెట్టి, మూత పెట్టును. దాని ప్రక్కన వేరొక అర. ఇట్లు కొన్ని అరలైన పిదప అన్నిటిని కలిపి పైన దళసరిగ మట్టిపూత పూయును. ఎండినచో అది రాతికంటె గట్టిది. చూచువారికి నారింజపండు సగము బోర్లించినట్లుండును. తల్లి తన బిడ్డ ముఖము చూడకయే చచ్చిపోవును. మరుసటి సంవత్సరము పిల్లయీగ ఆ గోడను తొలుచుకొని వెలుపలికి వచ్చును. ఎవరి శిక్షణయు లేకయే తల్లివలెనే మన్ను కలుపును.

ఆ యీగను గూర్చి పుస్తకములలో నేమున్నదో చూడవలెనని ఫాబ్రేకు కోరిక పుట్టెను. పట్టణపు పుస్తకాల అంగడిలో కీటకములను గూర్చిన పెద్ద గ్రంథమొకటి యుండెను, చిత్రములతో కూడినది. వెల విని ఆయన గుండె జల్లుమనెను. అది ఆయన నెలజీతము. అయినను కొనెను. ఆ నెల ఇల్లు ఎట్లు గడచినదో చెప్పనక్కరలేదు. గ్రంథాలయము లేని ఊరిలో పేద చదువరికి పుస్తకమెంత దూరపు వస్తువో, ఈ సంపుటమును చేతబట్టినవారికి వేరుగ వివరింపవలసిన పని లేదు. ఆ గ్రంథమును ఆయన మరల మరల చదివెను. తేనెటీగ పేరు అందు దొరకినది. కాని పిల్లలు గడ్డిపరకతో తెలిసికొన్న సంగతులు, గూళ్లను పగులగొట్టి తాను చూచిన సంగతులు, అందు చాలవరకు లేవు. అవి తానే వ్రాయవలసియుండునని ఆయనకు తోచినది అప్పుడే.

1849లో ఆయనను కార్సికా ద్వీపమునకు భౌతికశాస్త్ర బోధకునిగ పంపిరి. అచటికి వచ్చిన మోకే టాండన్ అను పండితుడు ఒకనాడు భోజనానంతరము, కుట్టుపని బుట్టలోని కత్తెరయు సూదియు తీసికొని, నీటి పళ్లెములో నత్తను కోసి దాని లోపలి నిర్మాణమును ఫాబ్రేకు చూపెను. ఫాబ్రేకు జీవశాస్త్రములో దొరకిన గురుముఖపాఠము అదియొక్కటే.

1853లో ఆయన అవిన్యోన్ పాఠశాలకు మరలి వచ్చి, సుమారు 18 సంవత్సరములు పనిచేసెను. జీతము 1600 ఫ్రాంకుల చొప్పున మొదలై, అచటనే నిలిచిపోయెను. పెద్ద కుటుంబము. ట్యూషనులు చెప్పిన తరువాత మిగిలిన వేళయే పరిశోధనకు. కాని సెలవు దినము వచ్చినచో ఐదారుగురు శిష్యులతో కూడి రోన్ నదికి ఆవలి గట్టునగల లే ఆంగ్లే అను ఇసుకమెట్టకు బయలుదేరుచుండెను. వారిలో పెద్దవాడు ఆయన. పేరునకు గురువుగాని, దారిలో తోడిచెలికాడే. పూల కంచెల నడుమ బాటవెంట నడచుచు, గుంటలలోని నీటిపురుగులను చూచుచు, ఆనాటి ముఖ్యకార్యమునకై వారు మెట్టపైకి చేరుచుండిరి. ఆ ముఖ్యకార్యము పేడపురుగును చూచుట!

పేడపురుగును చూచుటకు పనిగట్టుకొని పోవుట యేమని మనవారు నవ్వవచ్చును. మన పల్లెలలో పశువులు తిరుగు ప్రతి బీటిలో అది కనబడునదే. పురాతన ఈజిప్టు దేశీయులు దానిని దైవముగ కొలిచిరి. పేడను ఉండగ చేసి, తల నేలకు వంచి, వెనుక కాళ్లతో వెనుకకు దొర్లించుకొనిపోవు దాని పనిని మన పిల్లలును కుతూహలముతో చూచుచుందురు. ఆ యుండలో దాని గ్రుడ్డు కలదని వేలయేండ్లుగ జనులు నమ్మియుండిరి. ఒక పురుగు ఉండ దొర్లింపలేక కష్టపడునపుడు రెండవది వచ్చి సాయపడునని కూడ కొందరు వ్రాసియుండిరి. ఫాబ్రేయు, ఆయన శిష్యులును మెట్టమీద బోరగిలబడి గంటలకొలది చూచిరి. వచ్చిన రెండవ పురుగు సాయపడుటకు కాదు, ఉండను కాజేయుటకు వచ్చినదని తేలెను. ఉండలను విప్పిచూడగ గ్రుడ్డు లేదు. అది పురుగు తన తిండికై కూర్చుకొన్నది మాత్రమే. మరి గ్రుడ్డు ఎచట? ఆ ప్రశ్నకు సమాధానము దొరకుటకు ముప్పది యేండ్లకు పైగ పట్టినది. దానిని తెచ్చినది పండితుడు కాదు. గొఱ్ఱెలు కాచుకొను ఒక కుఱ్ఱవాడు. ఫాబ్రే వానిని తీరికవేళల పురుగులను కనిపెట్టియుండుమని చెప్పియుంచెను. ఒక జూను మాసమున వాడు భూమిలోనుండి జామకాయ ఆకారము గల మట్టిరంగు ముద్ద నొకదానిని త్రవ్వి తెచ్చెను. దాని సన్నని కొనలో గ్రుడ్డు ఉన్నది.

కందిరీగల సంగతి మరియొకటి. మన వేదాంతులు భ్రమరకీటన్యాయము చెప్పుదురు. భ్రమరము పురుగును తెచ్చి గూటిలో పెట్టి ఝుంకారము చేయుచుండగా, ఆ ధ్యానము చేతనే పురుగు భ్రమరముగ మారునని దృష్టాంతము. గూటిలోనికి పోయినది పురుగే. వెలుపలికి వచ్చినది కందిరీగయే. నడుమ జరిగినది చూచినవారు లేరు. ఫ్రాన్సులో లియాన్ డుఫూర్ అను వైద్యపండితుడు ఒక జాతి కందిరీగ గూటిలో జీరంగులను కనుగొని, అవి చచ్చియుండియు కుళ్లకుండుట చూచి, కందిరీగ ఏదో మందు ఎక్కించి వానిని నిలువచేయుచున్నదని వ్రాసెను. ఆ వ్యాసము ఫాబ్రే చేతికి వచ్చిన రాత్రి ఆయన జీవితమును మార్చిన రాత్రి. ఆయన తానే గూళ్లను త్రవ్వెను. ముక్కుపురుగులను వేటాడు కందిరీగను కనిపెట్టి, అది తెచ్చిన పురుగులను పరీక్షించెను. విద్యుత్తు తగిలించిన అవి కదలుచున్నవి! అనగా చావలేదు. కందిరీగ వాని రొమ్ములోని నాడీముడియందు కొండి గ్రుచ్చి పక్షవాతము కలిగించినది. ఫాబ్రే సన్నని సూదితో అదే చోట అమోనియా చుక్క ఎక్కించి తానును అట్లే చేయగలిగెను. కదలలేని ఆ పురుగుపై కందిరీగ గ్రుడ్డు పెట్టును. గ్రుడ్డులోనుండి వచ్చిన పిల్ల క్రొత్త మాంసమును తిని పెరిగి కందిరీగయై వెలువడును. 1855లో వెలువడిన ఈ పరిశోధనకు ఫ్రెంచి విద్వత్పరిషత్తు మరుసటి సంవత్సరము బహుమానమిచ్చెను. డుఫూరు తన మాట కాదన్నవానిపై కోపింపక అభినందించెను. డార్విన్ తన ప్రసిద్ధ గ్రంథములో ఫాబ్రే పరిశీలనాశక్తిని ప్రశంసించెను. ఫాబ్రే మాత్రము డార్విన్ పరిణామవాదమును కడవరకు అంగీకరింపలేదు. ఆ విషయమున లోకము డార్విన్ వైపే నిలిచినది. కందిరీగ పోటులో ఎన్నడును గురి తప్పదన్న ఫాబ్రే నమ్మకమును తరువాతివారు కొంత సవరించిరి. ఆయన చూపులో లోపము తక్కువ. తీర్మానమున మాత్రము పట్టుదల ఎక్కువ.

1865లో పాశ్చరు పండితుడు పట్టుపురుగుల తెగులును పరిశోధించుటకు ఆ ప్రాంతమునకు వచ్చి ఫాబ్రేను చూడబోయెను. ఆయన పట్టుకాయ నెన్నడు చూచియుండలేదు. చెవివద్ద ఆడించి, లోపల నేదో కదలుచున్నదని ఆశ్చర్యపడెను. అట్టివాడే కొలది సంవత్సరములలో ఆ పరిశ్రమను నిలబెట్టెను. ఏమియు తెలియదనుకొని మొదలిడుట మేలని ఫాబ్రే ఆ ఘటనను తరచు తలంచుకొనుచుండెను.

పేదరికమునుండి తప్పించుకొనుటకు ఆయన ఒక్క యత్నము చేసెను. ఆ సీమలో మంజిష్ఠ జాతి మొక్క వేరునుండి ఎఱ్ఱరంగు తీయుట పెద్ద వ్యాపారము. ఆయన ఏండ్ల తరబడి శ్రమించి శుద్ధమైన రంగు తీయు పద్ధతి కనిపెట్టెను. కర్మాగారము పని మొదలుపెట్టినంతలో, 1868లో జర్మనీ రసాయనవేత్తలు ఆ రంగును కృత్రిమముగ తయారుచేసిరి. మంజిష్ఠ పొలములతోబాటు ఆయన ఆశయు అణగారెను.

ఆ కాలముననే విద్యామంత్రి విక్టర్ డ్యూరూయ్ బాలికలకు ఉన్నతవిద్య చెప్పింపదలచెను. ఫ్రాన్సులో నాటికి ఆడుపిల్లలకు అట్టి చదువు లేదు. ఫాబ్రే అవిన్యోన్‌లోని పాత మఠములో సాయంకాలముల వారికి ఉచితముగ పాఠములు చెప్పుటకు పూనుకొనెను. గాలి, నీరు, ఉరుము, మెఱుపు, చెట్టు, పురుగు, ఏదియు విడువలేదు. గది క్రిక్కిరిసిపోవుచుండెను. పూవు కాయగ మారుట యెట్లో చెప్పవలసినచో పుప్పొడిని గూర్చి చెప్పక తప్పదు. ఆయన దానిని చెప్పెను. కన్నెపిల్లలయెదుట ఇట్టి మాటలా యని ఊరిలో మతాభిమానులు కొందరు గగ్గోలు పెట్టిరి. 1869లో మంత్రి పదవి పోగా ఆయన ప్రాపు లేకపోయెను. ఫాబ్రే అద్దెకున్న ఇల్లు వృద్ధకన్యలైన అక్కచెల్లెండ్రది. వారు ఈ మాటలు విని నెలదినములలో ఇల్లు ఖాళీ చేయుమనిరి. వ్రాతమూలకమైన ఒప్పందమేదియు లేదు. ఐదుగురు బిడ్డలు, జర్మనీతో యుద్ధము వచ్చి రాబడి నిలిచినది, చేతిలో చిల్లిగవ్వ లేదు. పూలను గూర్చి నిజము చెప్పినందుకు లభించిన ప్రతిఫలమిది.

అట్టి సమయమున ఆదుకొన్నవాడు ఆంగ్లేయుడైన జాన్ స్టూవర్ట్ మిల్. తత్త్వవేత్తయైన మిల్ తన భార్య సమాధి యున్న అవిన్యోన్ చెంత ఇల్లు కట్టుకొని, అపుడపుడు ఫాబ్రేతో మొక్కలను వెదకుచు తిరుగుచుండెడివాడు. ఇద్దరును మితభాషులు. ఫాబ్రే కష్టము తెలిపినంతనే మిల్ 3000 ఫ్రాంకులు పంపెను. కాగితము వ్రాయుమని కోరలేదు. ఫాబ్రే ఆ ఋణమును తరువాత పైసలతో తీర్చెను. పంతులు ఉద్యోగమును విడిచి ఆయన ఆరంజి పట్టణమునకు తరలెను.

ఇక బడి లేదు. కాని బడిపిల్లలు ఆయనను విడువలేదు. దేశమందలి పిల్లలందరికై పుస్తకములు వ్రాయుట జీవనాధారమయ్యెను. లెక్కలు, రసాయనము, ఖగోళము, సేద్యము, గృహవిషయములు, ఏది వ్రాసినను కథవలె చదివించును. కొన్నిటిలో పాల్ మామయ్య అను పెద్దమనిషి ఎమిల్, జూల్స్, క్లేర్ అను పిల్లలకు ప్రకృతిని గూర్చి చెప్పుచుండును. ఆ పేర్లు ఆయన సొంత బిడ్డల పేర్లే. వారిలో జూల్స్ తండ్రి కన్నులను పుణికి పుచ్చుకొన్నవాడు. పూవైనను పురుగైనను తండ్రికంటె ముందు చూచెడివాడు. 1877లో 16 ఏండ్ల ప్రాయమున వాడు మరణించెను. తాను క్రొత్తగ కనిపెట్టిన మూడు కందిరీగ జాతులకు ఫాబ్రే ఆ బిడ్డ పేరు పెట్టెను. కొంతకాలమునకు ఇంటి యజమాని బాటకిరువైపుల నున్న నీడచెట్లను నరికించుటతో ఆ యూరిపై మిగిలిన మమతయు తెగిపోయెను.

1879లో సెరిన్యాన్ గ్రామము చివర ఇల్లును, రాళ్లతోను ముళ్లపొదలతోను నిండిన బీడునేలను ఆయన కొనెను. వయస్సు 55. ఎన్నడో కార్పాన్‌ట్రాలో పిల్లలతో కలిసి తిరిగిన బీడు వంటిదే అది. అట్టి నేలను ఆ సీమవారు హర్మాస్ అందురు. పంటకు పనికిరాదు గనుకనే పురుగులకు స్వర్గము. చుట్టు గోడ కట్టించి, దానినే తన ప్రయోగశాలగ చేసికొనెను. తన పరిశీలనలను కీటక జ్ఞాపకములను పేరుతో 1879 మొదలు 1907 వరకు పది సంపుటములుగ అచ్చు వేయించెను.

హర్మాస్‌లో ఆయనకు సహాయకులు పిల్లలే. మొదటి భార్య మరణానంతరము జరిగిన రెండవ వివాహమున కలిగిన చిన్న కొడుకు పాల్ అందరిలో చుఱుకైనవాడు. ఒక మే నెలలో ఐరోపాలోకెల్ల పెద్దదైన రాత్రి సీతాకోకచిలుక ఆడుది గూడు వీడి రాగా, ఫాబ్రే దానిని తీగెల బుట్టక్రింద ఉంచెను. రాత్రి తొమ్మిది గంటలకు పాల్ సగము విప్పిన బట్టలతో గదిలో గంతులు వేయుచు కేకలు పెట్టెను. పోయి చూడగ పిట్టలంతటి మగ సీతాకోకచిలుకలు గదినిండ ఎగురుచున్నవి. వంటయింట, మేడమెట్లపై, ఎచట చూచినను అవియే. ఆ రాత్రి నలువది వరకు వచ్చినవి. చీకటిలో ఇన్ని మైళ్లు వానిని పిలిచినదేమి? చూపా, ధ్వనియా, వాసనయా? ఆ ప్రశ్నను తేల్చుటకు మరియొక జాతి పురుగు కావలసివచ్చెను. దానిని తెచ్చినవాడు దినమును కూరగాయలు తెచ్చియిచ్చు ఏడేండ్ల కుఱ్ఱవాడు; కాళ్లకు చెప్పులు లేవు, ముఖము కడిగిన జాడ లేదు. వాడు దారిలో దొరకిన పట్టుకాయ వంటి గూటిని తెచ్చి చూపెను. ఫాబ్రే డబ్బులిచ్చి, ఇంకను తెచ్చినచో ఆదివారము కొయ్యగుఱ్ఱములెక్కు ఖర్చు తనదని ఆశ పెట్టెను. ఆ గూటినుండి వచ్చిన ఆడుపురుగు కూర్చుండి లేచిన చోటికి, అది లేకున్నను, మగపురుగులు వచ్చి మూగుట చూచి, పిలుపు వాసనయందే కలదని ఆయన నిశ్చయించెను.

వార్ధక్యమున పాఠ్యపుస్తకముల రాబడి తగ్గి మరల ఇబ్బందులు వచ్చినవి. మిత్రులు పూనుకొని 1910 ఏప్రిల్ 3వ తేదీన సెరిన్యాన్‌లో ఆయనకు గొప్ప సన్మానము చేసిరి. లోకమంతయు ఆయన ఎవరో అపుడు తెలిసికొనినది. 1913లో దేశాధ్యక్షుడు పోయన్‌కరే స్వయముగ వచ్చి దర్శించెను. అప్పటికి ఆయన నడువలేడు, కుర్చీలో కూర్చుండియుండెను. మొదటి ప్రపంచయుద్ధము సాగుచుండగా, 1915 అక్టోబరు 11వ తేదీన ఆయన కన్నుమూసెను. ఏడేండ్లకు జపాను భాషలో ఆయన గ్రంథము అనువాదమగుట మొదలయ్యెను. ఆ దేశమున వేసవి సెలవులలో వలకఱ్ఱలు పట్టుకొని పురుగులకై తిరుగు బాలబాలికలకు ఆయన పేరు తెలియనిది కాదు.

ఫ్రెంచి ప్రభుత్వము 1922లో హర్మాస్‌ను కొని ప్రదర్శనశాలగ చేసినది. చూడవచ్చువారికి అచట ఆయన చిన్న బల్ల కూడ కనబడును. చేతిరుమాలంత వెడల్పే గల ఆ బల్లమీదనే ఆయన యౌవనమున లెక్కలు నేర్చెను, వార్ధక్యమున జ్ఞాపకములు వ్రాసెను. ఊరు మారినపుడెల్ల దానిని వెంట తీసికొనిపోయెను. నిండ సిరామరకలు, కఱ్ఱను తొలుచు పురుగులు చేసిన రంధ్రములు. తాను వ్రాయుచుండగా ఆ రంధ్రములలో ఒక చిన్న కందిరీగ వచ్చి కాపురము పెట్టినదని ఆయనయే వ్రాసియున్నాడు. దానిని ఆయన వెళ్లగొట్టలేదు.